మగ్గం గదిలో వెలుతురు తక్కువ, ఏ కెమెరా కొనాలి?

ప్రశ్న: నేను అనంతపురంలో ఉంటాను, ప్రభుత్వ హైస్కూల్లో టీచర్ని. ఫోటోలంటే చిన్నప్పటి నుంచీ ఇష్టం. ఇన్నాళ్లూ ఫోన్‌తోనే తీస్తున్నాను. మా అత్తగారిల్లు ధర్మవరం. మా మామ ఇప్పటికీ గుంట మగ్గం మీద పట్టుచీర నేస్తారు. చూపు తగ్గింది, ఇంకో ఏడాది నేస్తారేమో. ఆయన పనిని, ఇంట్లో రోజువారీ సంగతులను, మా బడి పిల్లలను బాగా తీసి దాచుకోవాలని ఉంది. ఫోన్‌లో మగ్గం గది ఫోటోలు రంగు పూసినట్టు మసగ్గా వస్తున్నాయి. బ్యాగులో పట్టే చిన్న డిజిటల్ కెమెరా కొనాలనుకుంటున్నాను. 60 వేల దాకా పెట్టగలను. మా అబ్బాయి ఆన్‌లైన్‌లో 7 వేలకే 48 మెగాపిక్సెల్ కెమెరా ఉందంటాడు. షాపాయన 40 రెట్ల జూమ్ ఉన్నది తీసుకోమంటాడు. బెంగళూరులో ఉన్న తమ్ముడేమో కొంటే పెద్ద కెమెరానే కొనమంటాడు. ఎవరి మాట వినాలి? సెకండ్ హ్యాండ్ కొనొచ్చా? ఇంకొకటి, కెమెరా ఎత్తితే చాలు, మా అత్త మొహం తిప్పేసుకుంటుంది. దానికేమైనా ఉపాయం చెప్పండి.

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ‘ఇంకో ఏడాది నేస్తారేమో’ అన్న దగ్గర ఆగిపోయాను. నేను ఇక్కడే అనంతపురంలో ఇరవై ఏడేళ్లు ఫోటో స్టూడియో నడిపాను. పెళ్లిళ్లు, పురుళ్లు, పాస్‌పోర్టు సైజులు, ఊరందరి ఫోటోలూ తీశాను. మా నాయన శెనక్కాయ చేన్లో పని చేస్తుండగా తీసిన ఫోటో మాత్రం ఒక్కటీ లేదు. ఉన్నదల్లా స్టూడియోలో నీలం తెర ముందు కుర్చీలో బిగుసుకుని కూర్చున్నదే. అందుకే అన్నిటికంటే ముందు ఇది చెబుతున్నాను. ఏ కెమెరా అనే ఆలోచనలో నెలలు గడిపేయకండి. ఈ నెలలోనే కొనేయండి. కొనేదాకా ఫోన్‌తోనైనా తీస్తూ ఉండండి.

ఇక కెమెరా సంగతి. మీరు ఎక్కువగా తీయబోయేది మగ్గం గదిలో కాబట్టి, ఆ గదిని దృష్టిలో పెట్టుకుని కొనాలి. ధర్మవరంలో అలాంటి గదులు చాలా చూశాను. ఒక పక్క చిన్న కిటికీ, మగ్గం మీద వేలాడే ఒక ట్యూబ్‌లైటు. పాత మిద్దె అయితే గవాచిలోంచి కాస్త వెలుగు పడుతుంది. గుంటలో కాళ్లు దించి, తల వంచుకుని, పడుగు మధ్య అటూ ఇటూ నాడె పోనిస్తూ మనిషి. మన కంటికి ఆ వెలుతురు చాలనిపిస్తుంది, ఎందుకంటే కన్ను అలవాటు పడిపోతుంది. కెమెరాకు ఆ వెసులుబాటు లేదు. బయట ఎండలో ఉన్న వెలుతురులో వెయ్యో వంతు కూడా ఆ గదిలో ఉండదు.

అంత తక్కువ వెలుతురులో ఫోన్ సెన్సర్‌కు అందేది కొంచెమే. దాంతో ఫోటో నిండా ఇసుక చల్లినట్టు గింజలు వస్తాయి. ఫోన్‌లోని సాఫ్ట్‌వేర్ ఆ గింజలను చెరిపేయడానికి అంతా నున్నగా చేసేస్తుంది. గింజలతో పాటు జరీ పోగులూ, మామగారి చేతి ముడతలూ చెరిగిపోతాయి. మీరు ‘రంగు పూసినట్టు’ అన్నారే, సరిగ్గా అదే జరుగుతోంది. మధ్యాహ్నం ఆరుబయట తీస్తే మీ ఫోన్ ఫోటోలు ఇంకే కెమెరాకూ తీసిపోవు. అలాంటి వాటికి ఫోన్ చాలు, డబ్బు ఖర్చు పెట్టనక్కర్లేదు.

వెలుతురు పట్టే పని రెండింటిది. ఒకటి సెన్సర్, వెనకటి ఫిల్మ్ ఉండే చోట ఇప్పుడు ఉండే పలక. ఎక్కువ జూమ్ ఉన్న చిన్న కెమెరాల్లో అది సుమారు 6.2 × 4.6 మిల్లీమీటర్లు, చింతగింజ కంటే చిన్నది. దాని పైమెట్టు ‘1 అంగుళం సెన్సర్’. నిజానికి అది 13.2 × 8.8 మిల్లీమీటర్లే. పాత వీడియో ట్యూబుల కాలం కొలతల నుంచి వచ్చిన పేరు కాబట్టి అంగుళం కోసం వెతక్కండి. అయినా వైశాల్యం మొదటిదానికి 4 రెట్లు. పెద్ద కెమెరాల్లో మామూలుగా ఉండే ఏపీఎస్-సీ సెన్సర్ 23.5 × 15.6, అంటే అంగుళం సెన్సర్‌కు ఇంకో 3 రెట్లు.

రెండోది లెన్స్ నోరు ఎంత తెరుచుకుంటుంది అన్నది. లెన్స్ చుట్టూ 1.8–2.8 అనో, 3.3–6.9 అనో చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. షాపులో ఎవరూ చూపించరు, మీరే చూడండి. అంకె ఎంత చిన్నదైతే నోరు అంత పెద్దది. మొదటి అంకె జూమ్ చేయనప్పటిది, రెండోది పూర్తిగా జూమ్ చేసినప్పటిది. 1.8 దగ్గర వచ్చే వెలుతురుతో పోలిస్తే 3.3 దగ్గర మూడో వంతు కంటే తక్కువ వస్తుంది. 6.9 దగ్గర పదిహేనో వంతు. 1.8తో 1/100 సెకనులో అయిపోయే ఫోటోకు 6.9తో 1/7 సెకను పడుతుంది. ఆ 1/7 సెకనులో మామగారి చెయ్యి కదులుతుంది, మీ చెయ్యీ కదులుతుంది.

షాపాయన చెప్పే 40 రెట్ల జూమ్ కథ ఇదే. ఇది నాకు అనుభవమైన దెబ్బ. చాలా ఏళ్ల కిందట అలాంటి కెమెరానే ముచ్చటపడి కొన్నాను. నిమ్మలకుంటలో తోలుబొమ్మలాట ఉందంటే తీసుకెళ్లాను. మీకు తెలుసు కదా, ధర్మవరం పక్కనే. తెల్లటి తెర, వెనక దీపం, ముందు చీకట్లో జనం. తోలు మీద చెక్కిన చిన్న చిన్న రంధ్రాల్లోంచి వెలుగు వస్తుంటే ఆంజనేయుడి నగలు నిజంగా మెరిసినట్టు ఉన్నాయి. దూరంగా కూర్చుని జూమ్ చేసి రాత్రంతా తీశాను. తెల్లారి కంప్యూటర్లో వేసి చూస్తే ఒక్కటీ నిలబడలేదు. ఆంజనేయుడి తోక మూడు తోకలైంది, నగలు ఎర్రటి మరకలయ్యాయి. చిన్న సెన్సర్, ఇరుకు లెన్స్, పైగా జూమ్, మూడూ కలిసి చేసిన పని అది. దూరాన చెరువులో కొంగలను పట్టపగలు తీయాలంటే ఆ కెమెరా మంచిదే. మీ మగ్గం మీకు రెండు గజాల దూరంలో ఉంది.

అబ్బాయి చూపించిన 7 వేల కెమెరా వద్దు. బాబును చిన్నబుచ్చకుండా ఇలా చెప్పండి. అలాంటి వాటిలో 48 మెగాపిక్సెల్ అనేది చాలావరకు చిన్న ఫోటోను సాఫ్ట్‌వేర్‌తో సాగదీసిన లెక్క. జూమ్ కూడా లెన్స్ కదిలి చేసేది కాకుండా, ఉన్న బొమ్మను కత్తిరించి పెద్దది చేసేదే ఉంటుంది. మీ ఫోన్ వాటికంటే ఎంతో మెరుగు. అసలు 20 మెగాపిక్సెల్ ఉంటే 12 × 18 అంగుళాల ప్రింటు నిండుగా వస్తుంది. అది పెళ్లి ఆల్బమ్ పేజీ సైజు. అంతకు మించి గోడకు పెట్టుకునేది ఏడాదికి ఒకటో రెండో ఉంటాయి.

తమ్ముడి మాటలో న్యాయం ఉంది. పెద్ద కెమెరాలో సెన్సర్ పెద్దది. కానీ దానితో పాటు ఇచ్చే మామూలు లెన్స్ 3.5–5.6 ఉంటుంది. 1.8–2.8 లెన్స్ ఉన్న చిన్న కెమెరా ముందు పెడితే, సెన్సర్ దగ్గర వచ్చిన లాభం లెన్స్ దగ్గర పోయి మగ్గం గదిలో ఇద్దరూ ఇంచుమించు సమానమవుతారు. మంచి లెన్స్ విడిగా కొంటే పెద్దది గెలుస్తుంది, అప్పుడు ఖర్చూ బరువూ పెరుగుతాయి. మీరు టిఫిన్ డబ్బా, నోట్సు కట్టలు మోసుకుంటూ బస్సెక్కే మనిషి. నాకు తెలిసి పెద్ద కెమెరా కొన్నవాళ్లలో చాలామంది రెండో సంక్రాంతికల్లా బీరువాలో పెట్టేశారు. దాన్ని చూసి పిల్లలు కూడా స్కూల్ గ్రూప్ ఫోటోకు నిలబడ్డట్టు నిలబడిపోతారు.

కాబట్టి మీకు కావలసింది అంగుళం సెన్సర్, 1.8–2.8 లెన్స్, గుప్పిట్లో పట్టే సైజు. ఇవి మూడూ కలిసినవి చేతివేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

సోనీ ఆర్‌ఎక్స్100 వరుసలో 3వది (2014), 4వది (2015), 5వది (2016) మీకు సరిగ్గా సరిపోతాయి. ఈ మూడింటిలోనూ 24–70 మిల్లీమీటర్ల లెన్స్ ఉంది, 1.8–2.8. గదంతా పట్టాలంటే 24, మొహం తీయాలంటే 70. ఫోన్‌తో మొహం దగ్గరకెళ్లి తీస్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి చూడండి, రెండడుగులు వెనక్కి వచ్చి 70 దగ్గర తీస్తే మనిషి మనిషిలాగే ఉంటారు. ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది. తర్వాత వచ్చిన 6, 7 నంబర్లు కొత్తవి, ఖరీదైనవి కాబట్టి ఇంకా మంచివనుకుంటారు. వాటిలో జూమ్‌ను 200 దాకా పెంచారు, అందుకోసం లెన్స్‌ను 2.8–4.5కి తగ్గించారు. ప్రయాణాలకు అవి బాగుంటాయి. మీ మామగారి గదికి మాత్రం పాతవే మేలు.

ఈ మూడు పాత వాటిలో ఇంకో సుఖం, పైకి లేచే చిన్న వ్యూఫైండర్. అనంతపురం ఎండలో కెమెరా వెనక స్క్రీన్ మీద మీ మొహం తప్ప ఇంకేమీ కనబడదు. కన్ను పెట్టి చూసే కిటికీ ఉంటే బడి మైదానంలో పిల్లల ఆటలు హాయిగా తీయవచ్చు. కదిలే పిల్లలను ఫోకస్ పట్టడంలో 5వది మిగతా రెంటికంటే చురుకు.

కొత్తదే కావాలంటే సోనీ జడ్‌వీ-1 (2020) చూడండి. అదే 24–70 కొలత, అదే 1.8–2.8 వెలుతురు, ఫోకస్ ఇంకా వేగం, స్క్రీన్ పక్కకు తిరుగుతుంది. వీడియో కోసం చేసినది కాబట్టి మైకు బాగుంటుంది. మామగారు మాట్లాడుతుండగా, మగ్గం చప్పుడుతో సహా రికార్డు చేసుకోవచ్చు. వ్యూఫైండర్ లేదు, లోపల ఫ్లాష్ కూడా లేదు. కానన్ జీ7ఎక్స్ మార్క్ 2 (2016), మార్క్ 3 (2019) కూడా ఈ జాతివే. 24–100 దాకా వెళ్లినా 1.8–2.8 నిలుపుకుంటాయి, అది గొప్పే. వ్యూఫైండర్ వీటికీ లేదు. రీల్స్ తీసే పిల్లలు వీటి కోసం ఎగబడడంతో పాతవాటికి కూడా ఎక్కువ చెబుతున్నారు, ఆ మోజుకు మీరు డబ్బు కట్టకండి. ధరలు తరచూ మారుతున్నాయి, కొనే రోజు రెండు మూడు చోట్ల అడగండి.

రికో జీఆర్ 3 (2019) గురించి ఎవరో ఒకరు మీకు చెప్పకపోరు. జేబులో పట్టే కెమెరాలో ఏపీఎస్-సీ సెన్సర్, ఫోటో అద్భుతంగా ఉంటుంది. జూమ్ లేదు, ఫ్లాష్ లేదు, ఒక ఛార్జికి సుమారు 200 ఫోటోలు. దుమ్ము లోపలికి పోయే ఫిర్యాదు కూడా దాని మీద ఉంది. మన గాలికి నేను భయపడతాను.

సెకండ్ హ్యాండ్ తప్పకుండా కొనొచ్చు. కానీ చేతిలోకి తీసుకుని చూశాకే డబ్బివ్వాలి. బెంగళూరులో తమ్ముడున్నాడు కాబట్టి ఆయనతో కలిసి వెళ్లండి, లేదంటే ఇది చదివించి ఆయనను పంపండి. ముందు కెమెరా ఆన్ చేసి ఆఫ్ చేయండి, పదిసార్లు. లెన్స్ బయటికి వచ్చేటప్పుడు గరగరమన్నా, మధ్యలో తడబడినా వదిలేయండి. ఈ కెమెరాల్లో ముందుగా పాడయ్యేది ఆ మోటారే, రిపేరు ఖర్చు కెమెరా ధరకు దగ్గరగా పోతుంది. తర్వాత అపర్చర్‌ను, అంటే ఇందాక చెప్పిన లెన్స్ నోటిని, 11 దగ్గర పెట్టి తెల్లగోడనో ఆకాశాన్నో తీయండి. ఆ ఫోటోను పెద్దది చేసి మూలమూలా చూడండి. బూడిదరంగు చుక్కలుంటే సెన్సర్ మీద దుమ్ము ఉన్నట్టు. లెన్స్ ఊడదీసే కెమెరా కాదు కాబట్టి దాన్ని మనం తుడవలేం. ఫోన్ టార్చి వేసి లెన్స్ లోపలికి ఏటవాలుగా చూడండి, సాలెగూడు లాంటి గీతలుంటే అది ఫంగస్. వ్యూఫైండర్ పైకి లేపి చూడండి. ఫ్లాష్ ఒకసారి కొట్టించండి. బ్యాటరీ తీసి బల్ల మీద పెడితే ఊగకూడదు, ఊగితే ఉబ్బినట్టే. సోనీ అయితే ఆర్‌ఎక్స్100 అన్నిటికీ, జడ్‌వీ-1కీ ఒకటే బ్యాటరీ, ఎన్‌పీ-బీఎక్స్1. సులభంగా దొరుకుతుంది, రెండు పెట్టుకోండి. ఆఖరుగా, మీ మెమరీ కార్డు మీరే తీసుకెళ్లి, తీసిన ఫోటోలు ఇంటికి తెచ్చి కంప్యూటర్లో చూసుకునేదాకా ఒక రోజు గడువు అడగండి. నిజాయితీగా అమ్మేవాడు ఇస్తాడు.

కొత్తది కొంటే జీఎస్టీ బిల్లు, మన దేశపు వారంటీ కార్డు రెండూ చేతికి రావాలి. కాస్త తగ్గించి ఇస్తామంటూ బయటి దేశం సరుకు అంటగట్టేవాళ్లున్నారు, రేపు పాడైతే సర్వీస్ సెంటర్లో వారంటీ చెల్లకపోవచ్చు.

కొన్నాక మొదటి ఆదివారం ధర్మవరంలో చేయవలసింది చెబుతాను. కెమెరా మోడ్‌ను ‘ఎస్’లో పెట్టండి, కానన్ అయితే ‘టీవీ’లో. అప్పుడు షట్టర్ ఎంతసేపు తెరుచుకోవాలో మీరే చెప్పవచ్చు. షట్టర్ 1/100 సెకను పెట్టండి. మన కరెంటు సెకనుకు 50 సైకిళ్లది, దాంతో పాత ట్యూబ్‌లైటు సెకనుకు వందసార్లు వెలిగి మలుగుతుంది. అంతకంటే వేగంగా తీస్తే ఫోటోకీ ఫోటోకీ వెలుగు, రంగు మారిపోతుంటాయి. ఐఎస్‌ఓ, అంటే తక్కువ వెలుతురులో ఫోటోను ఎంత ప్రకాశవంతం చేయాలో చెప్పే అంకె, ఆటోలో ఉంచి, పైహద్దు 3200 చాలని చెప్పండి. ఫ్లాష్ ఆపేయండి. ఫ్లాష్ కొడితే పట్టు మీద జరీ అంతా తెల్లటి మచ్చ అవుతుంది, గది ఉన్న అందం పోతుంది, ఆయన కళ్లకూ ఇబ్బంది. జరీ మరీ తెల్లగా కాలిపోతుంటే ప్లస్ మైనస్ గుర్తు ఉన్న సర్దుబాటును మైనస్ 0.7 దగ్గరికి జరపండి.

కిటికీ మీ వెనక ఉండేలా నిలబడకండి, పక్కన ఉండేలా చూసుకోండి. పక్క నుంచి పడే వెలుగులోనే పడుగు పోగులు విడివిడిగా కనిపిస్తాయి, మొహంలో ముడతలు తెలుస్తాయి. కొంతమంది రంగు సరిగా రావాలని ట్యూబ్‌లైటు ఆర్పమంటారు. చూపు తగ్గిన మనిషి నేత కోసం వేసుకున్న లైటు అది, ఫోటో కోసం ఆర్పమనకండి. కొంచెం పచ్చదనం వచ్చినా పర్వాలేదు, తర్వాత సరిచేసుకోవచ్చు.

కాసేపయ్యాక షట్టర్ 1/25కి తగ్గించి, మోచేతులు గోడకో గుంజకో ఆనించి, ఊపిరి బిగబట్టి ఒక పది తీయండి. ఎనిమిది పోతాయి. మిగిలిన రెండింట్లో మామగారి మొహం కదలకుండా, నాడె మాత్రం ఒక తెల్లటి గీతలా పడుతుంది. నేత అంటే ఏమిటో ఆ గీత చెప్పినట్టు కదలని ఫోటో చెప్పదు. నాకు అలాంటి ఫోటో ఒకటి రావడానికి రెండు ఆదివారాలు పట్టింది.

ఇంకొక కిటుకు, లేపాక్షికి పిల్లలను తీసుకెళ్తారు కదా. అక్కడ మండపం పైకప్పు చిత్రాలు నీడలో ఉంటాయి, మెడ వెనక్కి విరిచి తీస్తే చెయ్యి వణుకుతుంది. ఫోటో తీయనిచ్చే చోట నేల మీద రుమాలు పరిచి, కెమెరాను వెల్లకిలా పెట్టి, 2 సెకన్ల టైమర్ వేసి వదిలేయండి. షట్టర్‌ను బాగా నిదానం చేసి, ఐఎస్‌ఓ 200కు తగ్గించినా కదలకుండా వస్తుంది. రంగులు చూసి పిల్లలే ఆశ్చర్యపోతారు.

దుమ్ము గురించి మళ్లీ చెబుతున్నాను, ఎందుకంటే మన జిల్లాలో కెమెరాలు వానకు పోవడం తక్కువ, గాలికి పోవడం ఎక్కువ. లెన్స్ బయటికొచ్చి లోపలికి పోయే ప్రతిసారీ గాలితో పాటు దుమ్మునూ పీలుస్తుంది. శెనక్కాయలు కొట్టేచోట, తూర్పారబట్టేచోట తీయకండి అనను, తీయండి. కానీ గాలికి ఎదురుగా ఆన్ చేయకండి, పని కాగానే జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్లో వేసేయండి. లెన్స్ మీద నోటితో ఊదకండి, తుంపర పడుతుంది. రబ్బరు బ్లోయర్ ఒకటి కొనుక్కోండి. వేసవిలో స్కూటీ డిక్కీలో వదలకండి.

బడి పిల్లల ఫోటోలు ప్రింటు వేసి వాళ్లకే ఇస్తే సంతోషిస్తారు. ఎక్కడైనా పోస్ట్ చేసేముందు తల్లిదండ్రులను అడగండి.

ఇక మీ అత్తగారి సంగతి. ఆవిడ మొహం తిప్పుకోవడం నాకు కొత్త కాదు. మన పల్లెల్లో పెద్దవాళ్లకు ఫోటో అంటే తలకు నూనె రాసుకుని, మంచి చీర కట్టుకుని దిగేది. వంటింటి పొగలో, చెమటతో ఉండగా కెమెరా ఎత్తితే అవమానంగా తోస్తుంది. ముందు ఆవిడకు నచ్చినట్టు ఒకటి తీయండి. పట్టుచీర కట్టుకోమనండి, గడప పక్కన నీడలో కూర్చోబెట్టి, 70 దగ్గర పెట్టి తీయండి. మరుసటి వారమే పెద్ద సైజులో కడిగించి, ఫ్రేము కట్టించి చేతికివ్వండి. ఫోన్‌లో చూపిస్తే సరిపోదు, చేతికివ్వాలి. ఆ తర్వాత కెమెరాను బ్యాగులో దాచకుండా వంటింటి గూట్లో పప్పు డబ్బాల పక్కన పెట్టండి. రోజూ కళ్లముందు ఉండే వస్తువును ఎవరూ పట్టించుకోరు. మొదటి వారం ఆవిడ చేతులు మాత్రం తీయండి, సంగటి ముద్ద చేసే చేతులు, కండెలకు దారం చుట్టే చేతులు. మెల్లగా మొహం కూడా వస్తుంది. రాకపోతే బలవంతం చేయకండి, ఆ చేతుల ఫోటోలు కూడా ఆవిడవే.

మామగారు ఇప్పుడు మగ్గం మీద ఉన్న చీర ఎప్పటికి అవుతుందో అడిగి తెలుసుకోండి. చీర పూర్తయి మగ్గం మీంచి కోసే రోజు ఇంట్లో అందరూ ఒకచోట ఉంటారు, మీ అత్తగారు కూడా మడత పట్టడానికి వస్తారు. ఆ రోజుకు బడిలో సెలవు పెట్టుకుని, ముందు రాత్రే రెండు బ్యాటరీలూ ఛార్జింగ్ పెట్టుకోండి.